ఒడ్డు మనిషి డ్యూటీ

ఆ ఆదివారం పొద్దున్న రోజారమణి పెట్టుకున్న పనులు మూడే. ఇడ్లీలు వండడం, కూతురు సముద్రంలో మునిగిపోకుండా చూడడం, ఇంటికి తిరిగొచ్చి ఆనపకాయ పులుసు పెట్టడం. మొదటిది తెల్లవారకముందే అయిపోయింది. మూడోదానికి ఆనపకాయ ముక్కలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టింది. మిగిలింది రెండోదే.

అసలు సంగతి గురువారం సాయంత్రం బయటపడింది. కూతురు యశస్విని పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తుంది. కొన్నాళ్ళుగా ఆదివారాలు కూడా ట్రైనింగ్ ఉందని చెప్పి చీకటితో వెళ్తోంది. మధ్యాహ్నానికి ముఖం కమిలిపోయి, ఒంటినిండా నీచువాసనతో గాజువాకలోని ఇంటికి తిరిగొస్తోంది. షిప్పింగ్ అంటే అలాగే ఉంటుంది కాబోలని రోజారమణి సరిపెట్టుకుంది. ఆ సాయంత్రం టిఫిన్ బాక్సు కడుగుదామని కూతురి బ్యాగులో చెయ్యి పెడితే లోపల ఏదో కరిచింది. చెయ్యి బయటికి లాగి చూసుకుంటే బొటనవేలికి ప్లాస్టిక్ చేప వేలాడుతోంది. వెండిరంగు ఒళ్ళు, ఎర్ర నోరు, రంగు ఊడిపోయిన ఒక కన్ను, పొట్ట కింద కొక్కేల గాలం.

యశస్విని పరుగున వచ్చి చిన్న ప్లయర్‌తో గాలం తీసేసింది. గాలం కొసన వెనక్కి తిరిగి ఉండే ముల్లును తను ముందే నొక్కేసిందట, అందుకే నెత్తురు చుక్క కూడా రాకుండా ఊడిందట. ఇలాంటి నేర్పు షిప్పింగ్ ట్రైనింగ్‌లో నేర్పరని ఏడో తరగతి చదివిన రోజారమణికి కూడా అర్థమైంది. ముందు వీధి చివరి ఆస్పత్రికి వెళ్ళి, ప్లాస్టిక్ చేప కరిచిందని చెప్పి ఇంజెక్షన్ పొడిపించుకుని వచ్చింది. తర్వాత కూతుర్ని కూర్చోబెట్టింది.

కూతురు మొత్తం చెప్పేసింది. తనూ, ఆఫీసులో తోటి ఉద్యోగి సనోబరూ కలిసి యారాడ వెళ్తున్నారట. అక్కడ అప్పలసూరి అనే ఆయన ఫైబర్ పడవలో కొండరాళ్ళ దాకా వెళ్ళి, కర్రకి చక్రం బిగించి, ప్లాస్టిక్ చేపని ఎరగా కట్టిన గాలంతో పండుగప్ప అనే పెద్ద చేప కోసం వేట ఆడుతున్నారట. అమ్మడానికి కాదు, కూరకీ కాదు, సరదాకి. చిన్నవి పడితే ముద్దుపెట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారట. సముద్రం మీదికి వెళ్ళడమే ఒక గండం అనుకుంటే, తెచ్చుకోడానికి కూడా కాకుండా వెళ్తున్నారని విని రోజారమణికి నోట మాట రాలేదు. వచ్చాక ఆగలేదు.

అన్నిటికంటే కడుపు మండించింది ఇంకొకటి. ఈ సంగతి భర్త దేవీప్రసాద్‌కి తెలుసు. పాతపట్నంలో గాలాలూ దారాలూ అమ్మే సనోబర్ తండ్రి గౌస్‌కి తెలుసు. కింద వాటాలో ఇస్త్రీ చేసే గురువమ్మకి కూడా తెలుసు. తెలియనిది తనొక్కదానికే. నువ్వు కంగారుపడతావని చెప్పలేదే అన్నాడు దేవీప్రసాద్, స్టీల్ ప్లాంట్ షిఫ్టు దిగి వచ్చి సాక్సు విప్పుకుంటూ.

"పడతాను. బయపడకుండా ఉండ్డానికి నానేటి రాయినా?" అంది రోజారమణి. "సముద్రం నన్నేటి సెయ్యలేదు. మీరు సెప్పకుండా ఎల్లిపోతన్నారు సూడు, దానికే నా బయం. సెప్పి ఎల్తే సగమే బయపడతాను. ఆ సగం నా సొంతం, దాని జోలికి మీరెవరూ రాకండి."

తల్లిని శాంతింపజేయాలని యశస్విని నీళ్ళ మీద పాటించే నియమాలు ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోకుండా పడవ ఎక్కరు. పడవలో నిలబడరు. గాలం విసిరేముందు వెనక ఎవరున్నారో చూసుకుంటారు. ఫోన్లు నీళ్ళు చొరని కవర్లో పెట్టి గట్టిగా మూస్తారు. ఇక అన్నిటికంటే ముఖ్యమైంది, ఎక్కడికి వెళ్తున్నదీ ఎప్పటికి తిరిగొచ్చేదీ ఒడ్డున ఒక మనిషికి చెప్పి వెళ్తారు. వేళ దాటితే ఆ మనిషే నలుగురినీ పిలవాలి.

రోజారమణి చివరి నియమం దగ్గర ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ మనిషి ఎవరని అడిగితే గౌస్ అంకుల్ అని జవాబొచ్చింది.

"ఆయన పాతపట్నంలో కొట్లో కూకుంటే ఒడ్డు మనిసెలా అవుతాడే? ఈ ఆదివారం నుండి ఆ డ్యూటీ నాది."

దేవీప్రసాద్ నవ్వాడు. భార్య చూసిన చూపుకి నవ్వు సగంలో మింగేశాడు. యశస్విని మాత్రం ఒప్పుకుంది. అయితే షరతు పెట్టింది. "పది గంటలకి వచ్చేస్తాం. పది దాటితే అప్పలసూరి గారి భార్య చిలకమ్మకి చెప్పు. పదిలోపు నువ్వేం చెయ్యకూడదు. చేశావో, ఇంక జన్మలో నేనెక్కడికి వెళ్తున్నానో నీకు చెప్పను."

ఆ మాట రోజారమణి గుండెలో గాలంలా దిగింది. దీని ముల్లు మాత్రం ఎవరూ నొక్కలేదు.

యారాడలో పొద్దు పొడిచేసరికి ఆమె ఇసుక మీద నిలబడి ఉంది. చేతిలో ఇడ్లీ క్యారేజీ, భుజాన ఎర్ర తువ్వాలు, మెడ నుంచి నడుము దాకా నారింజరంగు లైఫ్ జాకెట్. పడవ ఎక్కే ముగ్గురికీ పోగా మిగిలిన జాకెట్ అది. ఒడ్డున ఉండేదానికి ఇదెందుకమ్మగోరూ అని అప్పలసూరి అడిగితే, అల ఒడ్డుకి రాదా అని ఎదురడిగింది. రోజూ వచ్చేదాన్ని రాదని అప్పలసూరి ఎలా అంటాడు? జాకెట్ ఇచ్చేశాడు. సనోబర్ దగ్గరికి వచ్చి, వీపు వెనక పట్టీలు బిగించి, మా అమ్మ కూడా ఇలాగే ఆంటీ అని మెల్లగా చెప్పి వెళ్ళింది. ఆ పిల్ల మీద రోజారమణికి అప్పుడే గౌరవం కలిగింది.

పడవ వెళ్ళింది. కొండ కిందున్న నల్లరాళ్ళ దగ్గర చిన్న చుక్కయి నిలిచింది. రోజారమణి కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయింది. ఇంతవరకు పని సవ్యంగానే సాగింది.

ఏడున్నర అవుతుండగా ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. చేపలు చప్పుడికి బెదురుతాయని అప్పలసూరి కావాలనే ఆపాడు. ఆ సంగతి రోజారమణికి తెలియదు. ఆగిన ఇంజన్ అంటే ఆమె లెక్కలో పాడైన ఇంజనే. తర్వాత పడవ మీద పక్షులు తిరగడం మొదలుపెట్టాయి. ముందు రెండు మూడు కనిపించాయి, చూస్తుండగానే ఆకాశం నిండా అయ్యాయి. చిన్నచేపలు నీటిపైకి ఎగిరితే పక్షులు దిగుతాయనీ, ఆ చిన్నచేపల కిందే పెద్దవి ఉంటాయనీ, ఆ జాగా కోసమే పొద్దుటినుంచీ యశస్విని వెతుకుతోందనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. పొలాల మధ్య పద్మనాభంలో పుట్టి పెరిగిన ఆమెకి, పక్షులు గుమిగూడి ఒకేచోట తిరిగాయంటే కింద గొడ్డో గోదో పోయిందనే తెలుసు.

ఫోను చేసింది. మోగింది, ఎవరూ తియ్యలేదు. మళ్ళీ చేసింది. అప్పుడే, దూరాన పడవలో ఇద్దరు ఆడపిల్లల్లో ఒకరు అటూ ఇటూ ఊగి ధబాలున కూలబడ్డట్టు కనిపించింది.

గడియారం చూసుకుంది. పదికి ఇంకా చాలా ఉంది. షరతు గుర్తుంది, కూతురి మొహం గుర్తుంది. చిలకమ్మ దగ్గరికి వెళ్తే షరతు తప్పినట్టు. ఊరికే నిలబడితే తల్లి తప్పినట్టు. రెండింటికీ మధ్య ఆమెకి ఒక దారి దొరికింది. తువ్వాలు ఊపి వెనక్కి రమ్మంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు కదా. వాళ్ళ ఊళ్ళో గట్టు మీద నిలబడి తువ్వాలు ఊపితే మూడు పొలాల అవతల ఉన్నవాడు కూడా నాగలి వదిలి వచ్చేసేవాడు. భుజాన ఉన్న ఎర్ర తువ్వాలు తీసి, పక్కనున్న బండరాయి ఎక్కి ఊపడం మొదలుపెట్టింది.

ఆమెకి తెలియనిది ఏమిటంటే, సముద్రం ఒడ్డున తువ్వాలుకి వేరే అర్థం ఉంది.

ఆ రాయికి కాస్త దూరంలో, తాటాకు పాక కింద, పెదవల జట్టు కూర్చుని ఉంది. పెదవల అంటే ఒక కొస తాడు ఒడ్డున ఉంచి, వలని పడవ మీద తీసుకెళ్ళి, నీళ్ళలో పెద్ద చుట్టు చుట్టి, రెండో కొస మళ్ళీ ఒడ్డుకి తెచ్చి, రెండు వైపులా జనం నిలబడి లాగే వల. చేపల గుంపు ఎక్కడుందో పడవలో ఉన్నవాళ్ళకి కనపడదు. ఒడ్డున ఎత్తు మీద ఒక మనిషి నిలబడి, నీటి రంగునీ పక్షుల్నీ చూసి తువ్వాలుతో దారి చెప్తాడు. కుడికి ఊపితే కుడికి, ఎడమకి ఊపితే ఎడమకి. తలమీద గిరగిరా తిప్పితే వల దించెయ్యమని. ఆ పని చేసే త్రినాథరావుకి కంటి ఆపరేషన్ అయ్యి వారమైంది. వల యజమాని గవర్రాజు వేరే మనిషి దొరక్క, చేప కనపడక, పాకలో కూర్చుని అందరిమీదా చిరాకుపడుతున్నాడు.

అలాంటి సమయంలో రాయి మీద ఎర్ర తువ్వాలు లేచింది. ఒంటిమీద చూస్తే నారింజరంగు జాకెట్. ఏదో ఆపీసు నుండి పంపినట్టున్నారు బావా అన్నాడొకడు. గవర్రాజు రెండో మాట మాట్లాడలేదు. వల పడవ నీళ్ళలోకి దూకింది.

రోజారమణి ఇది చూసి చేతులెత్తి దండం పెట్టింది. అడక్కుండానే పదిమంది తన కూతుర్ని కాపాడ్డానికి బయల్దేరారు. యారాడ జనం ఎంత మంచివాళ్ళో. పడవ కాస్త ఎడమకి పోతుంటే, అటు కాదని కుడికి ఊపింది. పడవ కుడికి తిరిగింది. మరీ కుడికి పోతే ఎడమకి ఊపింది. ఎడమకి తిరిగింది. పాతికేళ్ళ కాపురంలో ఆమె మాట ఇంత తొందరగా ఎవరూ వినలేదు. సరిగ్గా యశస్విని ఉన్న పడవకి దగ్గరగా వెళ్ళాక, వాళ్ళు తనవైపు చూసి ఆగారు. ఇంకా చూస్తారేంటని ఒళ్ళు మండి, తువ్వాలు తలమీద గిరగిరా తిప్పింది.

వల దిగింది.

యశస్విని పడవని వాళ్ళు ఎక్కించుకోలేదు, పలకరించలేదు. దాని చుట్టూ తిరిగి, తాడు జారవిడుచుకుంటూ ఒడ్డుకి వచ్చేశారు. రోజారమణి ఒక్క క్షణం తెల్లబోయింది. అంతలోనే అర్థం చేసుకుంది. ఇంజన్ పాడైంది కదా, తాడు కట్టి లాగుతారన్నమాట. రాయి దిగి, క్యారేజీ ఇసుకలో పెట్టి, అందరికంటే ముందు తాడు పట్టుకుంది.

అవతల పడవలో కథ ఇంకొకలా ఉంది. యశస్విని ఊగిందీ కూలబడిందీ ప్రమాదం వల్ల కాదు. ఆ ప్లాస్టిక్ చేపని పండుగప్ప మింగింది. ఇన్ని ఆదివారాల్లో అదే మొదటిది. కర్ర విల్లులా వంగింది. ఆ ఊపుకి లేవబోయి, నియమం గుర్తొచ్చి కూలబడి, నిదానంగా చక్రం తిప్పుతూ, దారం వదులుతూ చుడుతూ అలిసేదాకా ఆడిస్తోంది. ఇంతలో చుట్టూ వల. అప్పలసూరి కంగారుగా ఇంజన్ వేశాడు. నీళ్ళలో పంకా తిరిగి వల తాడుని చుట్టేసుకుంది, ఇంజన్ నిజంగానే ఆగిపోయింది. ఆ కుదుపుకి దారం తెగి, చేపా ప్లాస్టిక్ చేపా రెండూ పోయాయి.

ఒడ్డున తాడు బరువెక్కింది. ఇంత బరువు ఈమధ్య ఎన్నడూ లేదని గవర్రాజు కేకేశాడు. పాకల్లోంచి ఆడవాళ్ళు వచ్చి పట్టారు. ఆదివారం షికారుకి వచ్చినవాళ్ళు ఫోన్లు జేబులో పెట్టుకుని పట్టారు. పెళ్ళి ఫొటోలు తీసుకుంటున్న ఒక జంట కూడా, పూలదండలతోనే వచ్చి పట్టింది. లాగుడు పాట ఎత్తుకున్నారు. పాట రానివాళ్ళు కూడా చివరి ముక్క అందుకున్నారు. రోజారమణి పళ్ళు బిగించి లాగుతూనే ఉంది. అందరూ చేపల్ని లాగుతున్నారు, ఆమె ఒక్కతే కూతుర్ని లాగుతోంది.

నురగలోంచి మొదట బయటికి వచ్చింది పడవ. అందులో తలలు వంచుకుని ముగ్గురు. పాట ఆగిపోయింది.

"అమ్మగోరూ, నా పడవ నానే తెచ్చుకుందును గదా," అన్నాడు అప్పలసూరి నెమ్మదిగా.

గవర్రాజు పడవనీ, పంకాకి చుట్టుకున్న వల తాడునీ, రాయి దగ్గర పడి ఉన్న ఎర్ర తువ్వాలునీ చూశాడు. రోజారమణి వైపు తిరిగి, ఏ ఆపీసమ్మా నీది అని అడిగాడు. ఏ ఆపీసూ కాదు, ఆ గుంట తల్లిని అని చెప్పింది. మరి తువ్వాలెందుకు ఊపినావు అన్నాడు. నా కూతుర్ని పిలిసినాను అంది. పూలదండల జంట మెల్లగా తాడు వదిలేసింది.

యశస్విని దగ్గరికి వచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి, అవి సముద్రంవి కావు. "పది అయ్యిందా అమ్మా?"

"అవలేదు."

"నా మొదటి పండుగప్ప. నా చేతిలో ఉంది. నీకు ఒక్క పని చెప్పాను."

రోజారమణి తల దించలేదు. ఇంతమందిలో దించితే ఇక ఎప్పటికీ ఎత్తలేనని ఆమెకి తెలుసు.

"పదిదాకా బతికుంటావని నాకెవుడు సెప్పాడే? ఇంజన్ ఆగింది, పచ్చులు తిరిగినాయి, నువ్వు కూలబడినావు. అప్పుడు కూడా గడియారం సూసుకుంటా కూకోవాలంటే దానికి తల్లెందుకు? ఆ గడియారాన్నే తెచ్చి ఒడ్డున ఎట్టుకో. నాను బయపడ్డాను. తప్పనుకోను. రేపు నువ్వు సెప్పినా సెప్పకపోయినా మళ్ళీ బయపడతాను. ఇందరి ముందూ సెప్తన్నాను."

వల జట్టులో ఒక ముసలామె, నిజమే కదా అన్నట్టు తలూపింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ పుట్టినప్పటి నుంచీ ఒడ్డు మనుషులే.

అప్పుడు వెనకనుంచి కేక వినిపించింది. అందరూ పడవ గొడవలో పడి వల సంగతి మర్చిపోయారు. వల కొసనున్న సంచి అలల తోపుకి అప్పుడే ఒడ్డుకి చేరింది. అది ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. మూతి విప్పితే వెండి పోసినట్టు కవళ్ళనే చిన్నచేపలు ఇసుక మీదికి జారాయి, జారుతూనే ఉన్నాయి. వాటి వెనక, వాటిని తినడానికి వచ్చి తామే చిక్కిపోయిన పండుగప్పలు. చేపలున్న చోటు వెతికి పట్టుకుంది కూతురు. ఆ చోటుకి తువ్వాలు ఊపి దారి చూపింది తల్లి. ఇద్దరిలో ఏ ఒక్కరికీ రెండోవాళ్ళు చేసిన పని తెలియదు.

అన్నిటికంటే పెద్ద పండుగప్ప తోక కొట్టుకుంటూ పక్కకి దొర్లింది. దాని దవడకి వెండిరంగు ఒళ్ళు, ఎర్ర నోరు, రంగు ఊడిన ఒక కన్ను వేలాడుతున్నాయి.

రోజారమణి వెంటనే గుర్తుపట్టింది. తనని కరిచిన చేపని ఎవరు మర్చిపోతారు?

"అది నాది," అంది యశస్విని. వల్లో పడ్డది వలదేనని జట్టులో కుర్రాళ్ళు అడ్డొచ్చారు. మాట మాట పెరుగుతుంటే గవర్రాజు చెయ్యెత్తాడు. తాతలనాటి కట్టుబాటు ప్రకారం, వల లేచాక మొదటి చేప ఏరుకునే హక్కు తువ్వాలు ఊపిన మనిషిది. ఆ మనిషి ఎవరైనా సరే, ఎందుకు ఊపినా సరే.

రోజారమణి ఆ పెద్ద పండుగప్పనే ఏరుకుని, దాని మీదికి వంగి, చేపని ముట్టుకోకుండా, కూతురి వైపు చెయ్యి చాచింది. "ప్లయర్ ఇయ్యి. ముల్లు నొక్కినావు గదా, ఇట్టే వచ్చేత్తాది."

యశస్విని ప్లయర్ ఇచ్చింది. తర్వాత చాలాసేపటికి, తల్లి పక్కన ఇసుకలో కూర్చుని చల్లారిపోయిన ఇడ్లీ తింటూ, వచ్చే ఆదివారం ఎక్కడికి వెళ్దామనుకుంటున్నదీ, ఏ రాయి దగ్గర ఆగేదీ తనంతట తనే చెప్పడం మొదలుపెట్టింది. రోజారమణి అడ్డుతగలకుండా విన్నది. మామూలుగా సగం భయపడింది.

ఆ తర్వాతి ఆదివారం యశస్విని నిద్రలేచేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పొయ్యి మీద ఇడ్లీలు ఉన్నాయి, ఫ్రిజ్‌లో ఆనపకాయ ముక్కలు ఉన్నాయి. అమ్మ లేదు. తలుపు వెనక ఉండే ఎర్ర తువ్వాలు కూడా లేదు. కంగారుగా తండ్రిని లేపింది. ఆయన దుప్పటి తియ్యకుండానే చెప్పాడు. "చీకటితోనే గవర్రాజు ఆటో పంపాడు. త్రినాథరావు కన్ను నయమయ్యేదాకా రోజూ ఎల్తాదంట. నువ్వు కంగారుపడతావని నీకు సెప్పొద్దంది."

యశస్విని ఫోను చేసింది, మళ్ళీ చేసింది, సనోబర్‌కి చేసి అప్పలసూరి నంబరు అడిగింది, స్కూటీ తాళాలు వెతుక్కుంటూ ఇంకోసారి చేసింది. ఫోను మోగుతూనే ఉంది గాని, నీళ్ళు చొరని కవర్లో పెట్టి గట్టిగా మూసిన ఫోను మోగితే, నియమం ప్రకారం, ఎవరికీ వినపడదు.